కీళ్లవాతము – మన కర్తవ్యము

(సింగానల్లూరు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగనాడు రోగాల ఊసెందుకని ఎవరైనా అడుగవచ్చును. ఉగాది పచ్చడిలో వేపపువ్వు కూడా ఉన్నది గదా! ఆ చేదు నా వంతుకు వచ్చినదనుకొని కొంచెంసేపు ఓపికతో వినవలసినదిగా మనవి.

మన పెద్దలు విజయనగర, నాయకరాజుల కాలంనుండి ఈ కొంగునాట స్థిరపడినారు. పొలం దున్నిన చేతులు, మిల్లులో దారం అతికిన చేతులు, తెల్లవారకముందే రుబ్బురోలు తిప్పిన చేతులు మన కుటుంబాలను నిలబెట్టినవి. ఆ చేతులనే పట్టి పీడించే వ్యాధి ఒకటున్నది. వైద్యులు దానిని రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అంటారు. మనవారు కీళ్లవాతమంటారు. ఇరుగుపొరుగు తమిళులు ముడక్కువాదమంటారు. ఆయుర్వేదంలో చెప్పిన ఆమవాత లక్షణాలు చాలవరకు దీనిని పోలి ఉన్నవి.

ముందుగా ఒక భేదం తెలిసికొనవలెను. వయసు మీరి మోకాళ్లు అరిగి నొప్పిపెట్టడం వేరు, ఇది వేరు. అరుగుదల నొప్పి నడిచినకొద్దీ పెరిగి, కూర్చుంటే తగ్గుతుంది. ఇది అట్లా కాదు. రాత్రంతా విశ్రాంతి తీసికొని లేచేసరికే వేళ్లు బిగిసి ఉంటవి. పిడికిలి పట్టదు, జడ వేసికొనడానికి చేతులు రావు. ఆ బిగువు సడలడానికి గంటసేపైనా పడుతుంది. వేళ్ల మొదటి కణుపులు, నడిమి కణుపులు, మణికట్లు, పాదాల వేళ్ల మొదళ్లు సాధారణంగా రెండు ప్రక్కలా వాచిపోతవి. దానితో అలసట, కొందరికి కొద్దిపాటి జ్వరం. ఎక్కువగా 30–60 ఏండ్ల మధ్య మొదలవుతుంది. మగవారికంటె ఆడవారికి రెండు మూడు రెట్లు ఎక్కువ.

ఎందువల్ల వస్తుంది? బయటి క్రిములతో పోరాడవలసిన శరీరరక్షణశక్తి దారితప్పి, కీళ్ల లోపలి పొరపైననే దాడి చేస్తుంది. ఇంటి కావలివాడే ఇంటివారిని కొట్టినట్లు! ఆ పొర వాచి, క్రమంగా ఎముకను కొరికివేస్తుంది. మొదటి రెండేండ్లలోనే ఈ నష్టం ప్రారంభం కావచ్చును. వంకరపోయిన వేలిని ఏ మాత్రా మరల తిన్నగా చేయలేదు. అశ్రద్ధ చేస్తే గుండెకు, ఊపిరితిత్తులకు కూడా కీడు కలుగవచ్చును.

మన ఇండ్లలో జరుగుతున్నదేమిటి? "వాతంలే, తైలం రాస్తే పోతుంది" అంటారు. ఇల్లాలు అందరికీ వండిపెట్టి తన నొప్పి తాను మింగుతుంది. ఎవరో ఇచ్చిన పేరులేని పొడి తింటే వారంలో హాయిగా ఉంటుంది. అట్టి పొడులలో స్టెరాయిడ్ కలిపియుండవచ్చును. నొప్పి అణగినా లోపల ఎముక తినివేయడం ఆగకపోవచ్చును. కీళ్లవాపు ఆరు వారాలు దాటినా, పొద్దుటి బిగువు అరగంటకు మించినా వైద్యుని చూడవలెను. ఇ.యస్.ఐ. చీటీ ఉన్న కార్మిక కుటుంబాలకు మన సింగానల్లూరులోనే ఇ.యస్.ఐ. ఆసుపత్రి ఉన్నది. కోయంబత్తూరులో ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రి ఉన్నది. ఇ.యస్.ఆర్., సి.ఆర్.పి., రుమటాయిడ్ ఫాక్టర్, యాంటీ సి.సి.పి. అనే రక్తపరీక్షలు చేస్తారు. ఇవి సరిగా ఉన్నా కొందరిలో వ్యాధి ఉండవచ్చును.

దీనికి మందు ఉన్నదా? ఉన్నది. అందులో మనకొక గర్వకారణం కూడా ఉన్నది. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికాకు వలసపోయిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అక్కడి లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించినారు. ఆ బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసినది. దానికి ఎదురు నిలిచే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందులనూ రూపొందించినది. ఆయన 1948లో కన్నుమూసినారు. 1951లో అమినాప్టెరిన్ కీళ్లవాతానికి పనిచేస్తున్నదని అమెరికాలో వైద్యులు గమనించినారు. 1988లో మెథోట్రెక్సేట్‌ను ఈ వ్యాధికి వాడుటకు అక్కడి ప్రభుత్వం అనుమతించినది. నేడు ప్రపంచమంతటా వైద్యులు సాధారణంగా మొదట వ్రాసే మందు అదే. ఖరీదు కూడా స్వల్పమే. దాని చెడుగుణాలు తగ్గించడానికి తోడుగా ఇచ్చేది ఫోలిక్ ఆమ్లమే! వలసపోయిన తెలుగువాని ప్రయోగశాలనుండి వచ్చిన రెండు మందులు నేడు వలసవచ్చిన తెలుగు ఇల్లాలి చేతిలోకి చేరుతున్నవి.

అయితే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే మింగవలెను. పొరపాటున రోజూ మింగితే ప్రాణాపాయము. ఆ వారం పేరు మాత్రల పెట్టెపై పెద్ద అక్షరాలతో తెలుగులోనో, తమిళంలోనో వ్రాయించుకొనండి. ఫలితం కనబడటానికి ఆరు మొదలు పన్నెండు వారాలు పడుతుంది, నడుమ మానరాదు. రక్తం, కాలేయం పరీక్షలు వైద్యుడు చెప్పిన గడువుకు చేయించుకొనవలెను. మద్యం కూడదు. గర్భిణులు వాడరాదు, బిడ్డను కోరుకొనేవారు ముందుగానే వైద్యునికి చెప్పవలెను, వేరే మందులున్నవి. నోట పుండ్లు, జ్వరం, ఆయాసం కలిగితే వెంటనే చూపించుకొనవలెను.

ఇంట్లో చేయదగినవి కొన్ని ఉన్నవి. పొద్దున గోరువెచ్చని నీటిలో చేతులుంచి వేళ్లు మెల్లగా ముడిచి చాచవలెను. వాపు హెచ్చినప్పుడు కీలుకు విశ్రాంతి, తగ్గినప్పుడు వ్యాయామం. బిందెను వేళ్లతో ఎత్తక ముంజేతులతో పట్టవలెను. తడిబట్టలు పిండే పని మరొకరు చేయవలెను. చుట్ట, బీడీ, సిగరెట్టు వ్యాధిని హెచ్చిస్తవి. పథ్యంతోనే నయమవుతుందని ఎవరైనా చెబితే నమ్మి మందు మానకండి.

చివరగా ఒక్క మనవి. రేపు ఉదయం మీ ఇంట్లో అమ్మనో, అత్తనో, వదిననో "పిడికిలి పట్టగలుగుతున్నావా?" అని అడగండి. "లేదు" అంటే తైలం సీసా వెదకకండి, ఆసుపత్రికి తీసికొనిపొండి.