ఓల్డ్ సిటీలో నాలుగు పోర్షన్ల ఇల్లు కొనబోయా!

"అన్నా, కిరాయిలొచ్చే ఇల్లు ఫస్ట్ టైమ్ కొనాలంటే ఏం చూడాలి?" అని చాలామంది అడిగారు. నా కథే చెప్తా.

శాలిబండ వెనక గల్లీలో 80 గజాలు, నాలుగు పోర్షన్లు. ఒక్కోటి 8 వేలు, మొత్తం నెలకు 32 వేలు. అడిగింది 52 లక్షలు. ఏడాదికి 3 లక్షల 84 వేలంటే ఏడు శాతం పైనే! ఆగలేక టోకెన్ 50 వేలు ఇచ్చేశా.

తీరా కాగితాలు చూస్తే నోటరీ. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఇంటి అమ్మకం రిజిస్టర్ కావాల్సిందే, నోటరీ స్టాంపుతో ఓనర్ అయిపోరు. పాతబస్తీలో ఇలాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి, తరాలుగా ఉంటున్నారు కూడా. కానీ లోన్ కోసం వెళ్తే బ్యాంకువాళ్లు కాగితాలు అలాగే వెనక్కిచ్చారు. ఈసీ తీస్తే అమ్మేవాళ్ల పేరే లేదు. టోకెన్‌కి ముందే తీయాల్సింది, అదీ నా తప్పు. వక్ఫ్ భూమా కాదా అన్నదీ అప్పుడే చూడాలి.

ఇంకోటి, మెట్రో. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా 5.5 కిలోమీటర్ల లైనుకి 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. ఆ రోడ్డు మీద ఇల్లయితే వెడల్పులో ఎంత పోతుందో ముందే కనుక్కోండి.

అసలు సంగతులు కిరాయిదారులే చెప్తారు. పైపోర్షన్ ఖాలా చాయ్ ఇచ్చి మరీ చెప్పింది: నలుగురికీ ఒకటే కరెంట్ మీటర్, ప్రతినెలా బిల్లు దగ్గర లొల్లే. పోర్షన్ ఖాళీ అయితే రెండు నెలలు తాళమేనట. నా ఏడు శాతం లెక్కలో అవేవీ లేవు.

టోకెన్‌లో 30 వేలు వెనక్కొచ్చాయి. మిగతా 20 వేలకి ఇంకా ఫోన్లు చేస్తూనే ఉన్నా.