కారు లోను, రెగో కాగితం, ఇంటి ముందు టో ట్రక్

"షిఫ్టులు తగ్గాయి, రెండు వాయిదాలు కట్టలేదు, రాత్రికి రాత్రి బండి ఎత్తుకుపోతారా?" ఈమధ్య చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. ఈ వారం దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్ళకి ఒక మాట. మన ఊళ్ళో ఫైనాన్స్ బండి అయితే ఆర్సీ మీదే హైపోథికేషన్ అని పడుతుంది, బ్యాంకు పేరు కనబడుతుంది. ఆస్ట్రేలియాలో రెగో కాగితం చూస్తే ఆ సంగతి తెలీదు. అప్పు వివరం పీపీఎస్ఆర్ అనే జాతీయ రిజిస్టర్‌లో ఉంటుంది. 2012 జనవరి 30 నుంచి నడుస్తోంది. అందులో 'పర్సనల్ ప్రాపర్టీ' అంటే ఒంటి మీద సామాన్లు కాదండోయ్, భూమి, ఇల్లు పోను మిగతా చరాస్తి అంతా. కారు, పడవ, షేర్లు, ఆఖరికి చేలో పంట కూడా. 17 అక్షరాల విన్ నంబర్ కొడితే 2 డాలర్లకి తెలిసిపోతుంది. మార్కెట్‌ప్లేస్‌లోనో, గుళ్ళో పరిచయమైన అన్నయ్య దగ్గరో కొంటూ ఇది చూడకపోతే, ఆయన బాకీకి మీ కారు పోవచ్చు. డబ్బు ఇచ్చే రోజునే చూసి సర్టిఫికెట్ దాచుకోండి. పోయిన వారం చూసింది లెక్కలోకి రాదు.

ఇక మీ లోను. సొంత వాడకానికి తీసుకున్నదైతే నేషనల్ క్రెడిట్ కోడ్ మీకు వర్తిస్తుంది. ముందు రాతపూర్వకంగా డిఫాల్ట్ నోటీసు ఇవ్వాలి, బకాయి కట్టడానికి కనీసం 30 రోజులు ఇవ్వాలి. మొత్తం బాకీ మీరు తీసుకున్న అప్పులో 25 శాతం కంటే, లేదా 10,000 డాలర్ల కంటే, ఏది తక్కువైతే దానికంటే తక్కువ ఉంటే, మామూలుగా కోర్టు అనుమతి లేకుండా బండి తీసుకోకూడదు. 20,000 తీసుకుని 4,000 మిగిలిందనుకోండి, కోర్టుకి వెళ్ళాల్సిందే.

అసలు గొడవంతా ఇంటి దగ్గర జరుగుతుంది. కోర్టు ఉత్తర్వు గానీ, ఇంట్లో ఉండేవాళ్ళ రాతపూర్వక అంగీకారం గానీ లేకుండా బండి కోసం ఇంటి ఆవరణలోకి రాకూడదు. "ఊరికే ఫార్మాలిటీ, ఇక్కడ సంతకం పెట్టండి" అని ఇచ్చే కాగితం ఆ అంగీకారమే కావచ్చు. చదవకుండా పెట్టకండి. పిల్లలూ అమ్మానాన్నా మాత్రమే ఇంట్లో ఉన్నా ఈ సంగతి వాళ్ళకి చెప్పి ఉంచండి. బయట రోడ్డు మీద పార్క్ చేసిన బండిని మాత్రం పట్టుకుపోవచ్చు.

తీసుకెళ్ళిపోయాక కూడా అంతా అయిపోలేదు. 14 రోజుల్లోపు అంచనా విలువతో నోటీసు రావాలి, అది ఇచ్చాక 21 రోజుల దాకా అమ్మకూడదు. ఆలోపు బకాయి, ఖర్చులు కట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు, లేదా కొనేవాళ్ళని మీరే చూసి రాసి ఇవ్వొచ్చు. లోపలి చైల్డ్ సీటు, లాప్‌టాప్, పాస్‌పోర్టు మీవే, తాకట్టు కారు మీదే. లిస్టు రాసి ఈమెయిల్ పెట్టి అడగండి.

నాకు ఎక్కువ భయం వేసేది రైడ్‌షేర్, డెలివరీ నడిపేవాళ్ళ గురించి. లోను కాగితాల్లో బిజినెస్ పర్పస్ డిక్లరేషన్ ఒకటి ఉంటుంది. అది పెట్టి సంతకం చేస్తే పై రక్షణలు చాలావరకు వర్తించకపోవచ్చు. తొందరగా అప్రూవ్ అవుతుందని బ్రోకర్ ఆ పేజీ తిప్పేస్తే, ఆపి అడగండి.

కట్టలేననిపించిన రోజునే లెండర్‌కి ఫోన్ చేసి హార్డ్‌షిప్ అడగండి, నోటితో చెప్పినా చెల్లుతుంది. వాళ్ళు ఒప్పుకోకపోతే అఫ్కాకి ఫిర్యాదు ఉచితం, 1800 931 678. నేషనల్ డెట్ హెల్ప్‌లైన్ 1800 007 007. ఇంగ్లీషు ఇబ్బందైతే 131 450కి ఫోన్ చేసి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలనండి.

వీసా అయిపోయిందని కారు ఎయిర్‌పోర్టులో వదిలేసి ఇంటికి ఎగిరిపోదామనుకునేవాళ్ళకి చివరిగా ఒక సంగతి. కారుని మీరే వెనక్కి ఇచ్చేయొచ్చు, కోడ్‌లో ఆ వీలుంది. కానీ అమ్మితే వచ్చింది చాలకపోతే మిగతా బాకీ మీ పేరునే ఉంటుంది, డిఫాల్ట్ రాస్తే 5 ఏళ్ళు క్రెడిట్ రిపోర్టులో కనబడుతుంది.