వడపోత పొరలు – యంత్రమేధ – మన త్రాగునీరు



త్రాగునీటిని గురించి మీకు కొన్ని సంగతులు మనవి చేయదలచితిమి. ఫ్లోరైడు నీటివలన కలుగు ఎముకల వ్యాధిని మన దేశమున వైద్యులు మొదట వెల్లడించినది 1937లో, నాటి నెల్లూరు జిల్లా గ్రామముల నుండియే. నల్లగొండ పల్లెలును ఈ బాధను తరతరములుగా అనుభవించినవి. పైకి తేటగా కనిపించు నీరే పండ్లకు గార పట్టించి నడుములు వంచినది. నీటిలో ఏమున్నదో తెలియకుండ వడపోత యంత్రమును కొన్నచో, ఆ ధనము బూడిదలో పోసిన పన్నీరగును.

వడపోత పొర యనగా మిక్కిలి సన్నని జల్లెడ. ఆర్.ఓ. యంత్రములలో ప్లాస్టిక్కు జాతి పొర యుండును. మట్టి జాతి పొరలును కలవు. అల్యూమినియము, టైటానియము, జిర్కోనియము ఆక్సైడుల పొడిని ముద్దచేసి, కుమ్మరి కుండను ఆవములో కాల్చినట్లు, అంతకంటె హెచ్చు వేడిమిలో కాల్చి వీనిని చేయుదురు. ఇవియే అకర్బన పొరలు. ఇవి వేడిని, ఆమ్లమును, క్లోరినును తట్టుకొనును. కడిగి చిరకాలము వాడుకొనవచ్చును. వెల మాత్రము ఎక్కువ.

రంధ్రము పెద్దదైన క్రిములు దూరును. మరీ చిన్నదైన నీరు దిగదు, విద్యుత్తు ఖర్చు పెరుగును. సరియైన రంధ్రమునకు పొడి పాళ్లు, రేణువుల పరిమాణము, కాల్చు వేడిమి, కాల్చు కాలము అను నాలుగును కుదురవలెను. ఒక్కొక్కదానిని పది విధముల మార్చినచో 10,000 మేళవింపులగును. దినమునకొకటి చొప్పున పరీక్షించినను 27 సంవత్సరములు దాటును.

ఇచ్చటనే కృత్రిమ మేధ తోడ్పడుచున్నది. జరిగిన ప్రయోగముల ఫలితములను కంప్యూటరుకు అందించగా, అది వానిలోని పోలికలను గ్రహించి, తరువాత ఏ మేళవింపును పరీక్షించుట మేలో సూచించును. శాస్త్రజ్ఞులు దానిని కాల్చి చూచి, ఫలితమును మరల యంత్రమునకు అందింతురు. సూచన యంత్రముది, నిర్ణయము ఆవముది.

అయితే ఒక్క సంగతి మరువరాదు. క్రిములను ఆపు సాధారణ మట్టి పొర, నీటిలో కరిగిన ఫ్లోరైడును ఆపజాలదు. కరిగినదానిని ముందు మరియొక పదార్థము పట్టుకొనవలెను. కలకత్తాలోని కేంద్ర గాజు, పింగాణి పరిశోధన సంస్థ ఆర్సెనిక్కు విషయమున ఈ మార్గమునే అనుసరించినది: విషమును పీల్చుకొను పదార్థమును నీటిలో కలిపి, ఆ పదార్థమును పింగాణి పొరతో వడగట్టినది.

మరియు, యంత్రము తనకు నేర్పినదానినే ఎరుగును. ప్రయోగశాలలోని శుభ్రమైన నీటితో నేర్చిన యంత్రమునకు మీ బోరు నీటి ఉప్పు, సున్నము, ఇనుము తెలియవు. వానిని తెలుపవలసినది మీ గ్రామ లెక్కయే.

కావున ప్రతి బోరు నీటిని వర్షములకు ముందొకసారి, పిదప నొకసారి పరీక్షింపజేయుడు. 2019లో ఆరంభమైన జల్ జీవన్ మిషన్ క్రింద గ్రామమునకు ఐదుగురు మహిళలకు ఈ పరీక్షలో శిక్షణ ఇచ్చు ఏర్పాటు కలదు. ఫలితమును, మంచిదైనను చెడ్డదైనను, ఉన్నదున్నట్లు పుస్తకమున వ్రాయించుడు. లీటరునకు ఫ్లోరైడు 1 మిల్లీగ్రామునకు మించరాదు. వేరు ఆధారము లేనిచోట హద్దు 1.5 మిల్లీగ్రాములు.

యంత్రమును అమ్మవచ్చినవారిని మూడు ప్రశ్నలడుగుడు: ఈ పొర దేనిని ఆపును? దేనిని ఆపజాలదు? దీనిని కడుగువారెవరు, ఖర్చెంత? సమాధానము వ్రాతమూలకముగా అందిన పిదపనే తీర్మానము చేయుడని మా మనవి.