లెక్క అడిగే చోటు: గాజుల లక్ష్మీనరసు శెట్టి స్మారకోపన్యాసం, కృష్ణపట్నం



లక్ష్మీనరసు శెట్టిగారు వ్యాపారి. 1844లో క్రెసెంట్ పత్రిక, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ పెట్టారు. ఈస్టిండియా కంపెనీ చేసే పనులకు జవాబు మద్రాసు కోటలో దొరకదని గ్రహించి, అర్జీని ఏకంగా లండన్ పార్లమెంటుకే పంపారు. 1853లో డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుడు ఇక్కడికొస్తే, దగ్గరుండి రైతుల గోడు వినిపించారు. ఆ మాట సేమూర్ కామన్స్ సభలో ఎత్తారు. విచారణ సంఘం వేయక తప్పలేదు. శిస్తు కట్టని రైతుల వేళ్ళు చెక్కల మధ్య పెట్టి నొక్కేవారని, నడుము వంచి తాళ్ళతో కట్టేసేవారని 1855 నివేదికలో అచ్చయింది. అర్జీకి అంతకన్నా ఫలం ఏముంటుంది?

ఇప్పుడు ప్రభుత్వం మనదే. కానీ మన రొయ్య మంచిచెడ్డలు తేల్చేది ఐరోపా. 1997లో పరిశుభ్రత లేదని మన సరుకు ఆపేశారు. 2002 ప్రాంతంలో రొయ్యల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అనే యాంటీబయాటిక్ మందుల అవశేషాల గొడవ. 2016లో పెంపకపు రొయ్యల మీద సోదా పదిశాతం నుంచి యాభైశాతానికి పెంచారు. అంటే ఐరోపా రేవులో దిగిన ప్రతి రెండు సరుకుల్లో ఒకటి పరీక్షకు పోవాలి. పట్టుబడికి ముందు గుంటలో తీసిన రొయ్యలకు ఎలీసా పరీక్ష, ప్లాంటులో మరొకటి, ఎగుమతి తనిఖీ సంస్థ ధ్రువపత్రం, అన్నీ దాటాక అక్కడ మళ్ళీ మొదటికి. 2022 నవంబరు నుంచి నైట్రోఫ్యూరాన్ హద్దు కిలోకు అర మైక్రోగ్రాము. ఒక్క సరుకు పట్టుబడితే హెచ్చరికలో దేశం పేరు పడుతుంది. మందు వాడని రైతుకూ ధర తెగుతుంది.

మందు వాడినవాణ్ణి వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. మన గుంటను అంత సన్నంగా కొలుస్తున్నారు, బాగానే ఉంది. మన తరఫున బేరమాడేవాళ్ళను మనం దేనితో కొలుస్తున్నాం? ఐరోపాతో వాణిజ్య చర్చలు 2007లో మొదలై, 2013లో ఆగి, 2022లో మళ్ళీ మొదలయ్యాయి. అలాంటి ఒప్పందానికి ఐరోపా పార్లమెంటు సమ్మతి తప్పనిసరి. మన దగ్గర కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంటే చాలు, లోక్‌సభలో ఓటు అక్కర్లేదు. 253వ అధికరణం అమలుకు చట్టం చేసే అధికారం ఇచ్చిందే గాని, ముందుగా సభను అడగమనలేదు. పైగా చేపల పరిశ్రమ రాష్ట్ర జాబితాలో, విదేశీ వ్యాపారం కేంద్ర జాబితాలో. గుంట దగ్గర నిలదీస్తే ఢిల్లీ అంటారు, ఢిల్లీలో అడిగితే రాష్ట్రం అంటారు.

నా మట్టుకు నాకు కావలసిన కొలతలు మూడే. సోదా తగ్గించమని ఎన్నిసార్లు, ఏ తేదీన, ఏ పరీక్షల లెక్కలు చూపించి అడిగారు? వచ్చిన జవాబు ఎన్నాళ్ళకు రైతుకు చెప్పారు? పార్లమెంటు వాణిజ్య స్థాయీ సంఘం ఆ కాగితాలు తెప్పించుకుందా? పార్లమెంటు సమావేశాల్లో ప్రశ్నోత్తరాలు అచ్చవుతాయి. మన నెల్లూరు, తిరుపతి సభ్యుల చేత ఈ మూడూ అడిగించండి. జవాబు దాటవేస్తే, మరుసటి సమావేశంలో మళ్ళీ అడిగించండి.