నిద్ర పట్టని స్త్రీలు - ఆకుమందులు, హక్కులు
(మహిళా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్య సమావేశాల్లో స్త్రీలు నడుంనొప్పి గురించి, తెల్లబట్ట గురించి ఎలాగో నోరు విప్పుతారు. నిద్ర పట్టడం లేదన్న మాట మాత్రం లేచి వెళ్ళిపోయేటప్పుడు చెబుతారు. గుండెదడ, ఊరికే భయం, తెల్లవారుజామున మెలకువ - వీటికి కూడా వైద్యం ఉంటుందని చాలామంది అనుకోరు. "ఏదైనా ఆకో వేరో ఉంటే చెప్పక్కా" అని అడుగుతారు. దానిని మూఢనమ్మకమని కొట్టిపారేయకూడదు. చెట్టుమందే కదా, ఏం చేస్తుందిలే అని భరోసా ఇవ్వనూ కూడదు.

అశ్వగంధ, అంటే మన పెన్నేరు గడ్డ, తీసుకున్నవారిలో ఆందోళన, నిద్రలేమి కొంత తగ్గినట్లు చిన్న చిన్న పరీక్షల్లో కనిపించింది. అవి కొన్ని వారాలు మాత్రమే సాగిన పరీక్షలు. దీన్ని వాడిన కొందరికి కాలేయం దెబ్బతింది. గర్భిణులు వాడకూడదు. థైరాయిడ్ మాత్రలు వేసుకునేవారు డాక్టరుని అడగకుండా వాడకూడదు. డెన్మార్క్ ప్రభుత్వం 2023లో దీన్ని నిషేధించింది.

పాలల్లో చిటికెడు జాజికాయ పొడి మన ఇళ్ళలో పాత అలవాటే. అదే చెంచాల లెక్కన వేసుకుంటే వాంతులు, గుండెదడ, మతిభ్రమ కలుగుతాయి. సర్పగంధ వేరు నుంచి 1952లో రిసర్పిన్ అనే మందును వేరుచేశారు. అది రక్తపోటును దించుతుంది, కొందరిని తీవ్రమైన దిగులులోకి నెడుతుంది. సెయింట్ జాన్స్ వర్ట్ అనే విదేశీ మూలిక గర్భనిరోధక మాత్రల పనిని తగ్గిస్తుంది. ఆ సంగతి తెలియక వాడిన స్త్రీకి అక్కర్లేని గర్భం రావచ్చు.

మందుల షాపులో చీటీ లేకుండా తెచ్చుకునే నిద్రమాత్రలు ఇంకా ప్రమాదం. వాటికి శరీరం అలవాటుపడిపోతుంది. చాలాకాలం వాడి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు. దీర్ఘకాలపు నిద్రలేమికి నిపుణులు ముందుగా చెప్పేది మాత్ర కాదు. రోజూ ఒకే వేళకు లేవడం, నిద్ర రాకపోతే పక్క మీద దొర్లకుండా లేచి కూర్చోవడం, భయాల గురించి శిక్షణ పొందినవారితో మాట్లాడటం వంటి పద్ధతులు అవి.

అయితే ఆకు పేరు చెప్పేముందు మనం అడగవలసిన ప్రశ్న ఒకటుంది: "రాత్రి ఎందుకు మెలకువగా ఉంటున్నావమ్మా?" 2024 కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పని చేసే పురుషులు 88 నిమిషాలే వెచ్చిస్తున్నారు. ఒకామెకు పొద్దున్నే కట్టాల్సిన అప్పు వాయిదా నిద్ర పట్టనివ్వదు. ఇంకొకామె తాగొచ్చే భర్త అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించి పడుకుంటుంది. ఆమె మెలకువ ఆమెకు రక్షణ. ఆమెకు మత్తు కలిగించేది ఏదిచ్చినా, ఆకైనా మాత్రైనా, దెబ్బలకు అప్పగించినట్లే.

ఆమెకు కావలసింది చట్టం అండ. 2005 గృహహింస చట్టం కొట్టడాన్నే కాదు, మాటలతో, మానసికంగా హింసించడాన్ని కూడా హింసగా గుర్తిస్తుంది. రక్షణ ఉత్తర్వు కోరే హక్కు, ఆ ఇంట్లోనే ఉండే హక్కు ఇస్తుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ వైద్యసేవ ఆమె హక్కు. టెలీ మానస్ 14416కి, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయవచ్చు. చచ్చిపోవాలనుందని ఎవరైనా అంటే ఆమెను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి.

కనుక నిద్ర పట్టడం లేదని వచ్చిన ప్రతి స్త్రీనీ మూడు విషయాలు అడగండి: ఇంట్లో భయం ఉందా? ఇప్పటికే ఏయే మందులు, మూలికలు వాడుతున్నావు? గర్భం గానీ, కాన్పు గానీ, రక్తహీనత గానీ, థైరాయిడ్ గానీ ఉందా? జవాబులు ఆమె అనుమతితోనే రాసుకోండి. ఇంట్లోవాళ్ళ ఎదుట మాత్రం అడగవద్దు.