అన్నం లేని కంచం



ఈపూట నేను చెప్పబోయేది వంట గురించే. కాకపోతే, పొయ్యి వెలిగించగానే మనం మొట్టమొదట ఎసరు పెట్టుకునే అన్నాన్ని పక్కనుంచి చేసే వంట. "అన్నం తగ్గించండమ్మా, వీలైతే కొన్నాళ్ళు మానేయండి" అని డాక్టరుగారు ఒక్క మాటలో చెప్పేస్తారు. ఆయనకది ఒక్క మాటే. మనకది రోజుకు రెండుపూటల చొప్పున ఏడాది పొడుగునా తెమలని పని. మానేసిన అన్నం చోట ఏం వడ్డించాలో, ఎలా వండితే కడుపు నిండుతుందో ఆ మందుల చీటీలో రాసి ఉండదు.

ఐ.సి.ఎం.ఆర్. వారి సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి చక్కెర వ్యాధి ఉందని తేలింది. పెద్దవాళ్ళలో నూటికి 11 మందికి పైగా అన్నమాట. కనుక ఈ సమస్య ఏ ఒక్క ఇంటిదో కాదు. మీ ఇంట్లో లేకపోతే పక్కింట్లో ఉంటుంది.

అన్నం మానమన్నారనగానే మనలో చాలామంది రాత్రికి చపాతీలు మొదలుపెడతాం. ఈమధ్య జొన్నరొట్టె, రాగిసంకటి కూడా పట్నాల్లో మళ్ళీ మర్యాద సంపాదించుకున్నాయి. మంచిదే. వాటిలో పీచుంది, రాగుల్లో సున్నం ఉంది. కానీ లెక్క చూడండి. నూరు గ్రాముల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములైతే, జొన్నల్లోనూ రాగుల్లోనూ 72, గోధుమపిండిలో 69. తేడా ఏపాటిదో మీరే చెప్పండి! నాలుగు చపాతీలు తిని "నేను అన్నం ముట్టలేదు" అనుకుంటే మనసుకు తృప్తే గాని, నెత్తురులో చక్కెరకు ఆ సంగతి తెలియదు. అదే ఐ.సి.ఎం.ఆర్. వారి అధ్యయనం 2025లో ఇంకోమాట కూడా చెప్పింది. బియ్యం బదులు గోధుమలో చిరుధాన్యాలో తిన్నంత మాత్రాన ముప్పు తగ్గటం లేదట. మొత్తం పిండిపదార్థం తగ్గితేనే తగ్గుతోందట.

ఇంకో పొరపాటు ఉపవాసాల దగ్గర నేర్చుకున్నది. ఏకాదశినాడు ధాన్యం ముట్టం కదా అని సగ్గుబియ్యం కిచిడీ, బంగాళాదుంప వేపుడు చేసుకుంటాం. సగ్గుబియ్యం ధాన్యం కాదు, నిజమే. కర్రపెండలం దుంపనుంచి తీసిన పిండి అది. నూటికి 87 గ్రాములు పిండిపదార్థమే. బియ్యాన్ని మించిపోయింది. వ్రతానికి పనికొస్తుంది గాని పథ్యానికి పనికిరాదు. కందిపప్పు, పెసరపప్పు, శనగపప్పుల్లో కూడా నూటికి దాదాపు 60 వంతులు పిండిపదార్థమే ఉన్నా, వాటితోపాటు 20 గ్రాములకు పైగా మాంసకృత్తులున్నాయి, పీచు ఉంది, అరుగుదల నెమ్మది. అందుచేత పప్పును వెలివేయనక్కర్లేదు. మనిషికి ఓ గుప్పెడు చాలు.

మరి ఏం తినాలి? కూరగాయలు. ఆనపకాయలో, అదే మీలో కొందరు సొరకాయ అంటారు, నూటికి రెండున్నర గ్రాములే పిండిపదార్థం. బీరకాయలో మూడున్నర లోపు. వంకాయ, కాలీఫ్లవరు నాలుగు. వాటితోపాటు కోడిగుడ్డు, చేప, మాంసం, శాకాహారులైతే పన్నీరు, పెరుగు, మీల్‌మేకరు, గుప్పెడు వేరుశనగపప్పు. ఈ జాబితా చాలామందికి తెలిసిందే. 2017, 2018 ప్రాంతాల్లో అన్నం మానే పథ్యాలు మన జిల్లాల్లో ఊరూరా మోగిపోయాయి. ఎంతోమంది మొదలుపెట్టారు. పట్టుమని పది రోజులు సాగించలేనివాళ్ళే ఎక్కువ. వాళ్ళకు మనోబలం లేదని తీసిపారేస్తారు మగవాళ్ళు. నేనొప్పుకోను. సగం లోపం వంటలో ఉంది.

ఎలాగంటారా? మన కూరలన్నీ అన్నంలో కలుపుకోవడానికి పుట్టినవి. ముద్దలో అన్నం మూడు వంతులుంటే కూర ఒక వంతు. ఆ ఒక వంతు మిగతా మూడు వంతులకూ రుచి పంచాలి. అందుకని ఉప్పూ కారం పులుపూ అంత ఘాటుగా వేస్తాం. గోంగూర పచ్చడిగాని, చేపల పులుసుగాని అన్నం లేకుండా చెంచాతో నోట్లో పెట్టుకుని చూడండి, నాలుక చురుక్కుమంటుంది. ఇప్పుడు అన్నం తీసేసి, అదే కూరను అదే పాళంలో ఓ గిన్నెడు పెడితే మనిషి ఎలా తింటాడు? రెండు రోజులు తింటాడు. మూడోరోజు గొంతు మంట, దాహం, విసుగు. రక్తపోటున్నవాళ్ళకైతే ఆ ఉప్పు మరీ ప్రమాదం. నాలుగోరోజు "కాస్త అన్నం పెట్టవే" అంటాడు.

కాబట్టి మొదటి పని ఉప్పు సగానికి తగ్గించడం, కారం సగానికి, చింతపండు సగానికి. పరిమాణం మాత్రం మూడింతలు పెంచడం. ఒక మనిషికి పూటకు వండిన కూర పావుకిలో అయినా ఉండాలి. ఉప్పు సరిపోయిందా అని అరచేతిలో వేసుకుని చూసే అలవాటు మానుకుని, ఓ గరిటెడు కూర కప్పులో వేసుకుని పూర్తిగా తిని చూడండి. చివరిదాకా హాయిగా తినగలిగితే పాళం కుదిరినట్టు.

"ఇంటిల్లిపాదికీ చప్పిడి పెట్టమంటావా?" అని మీరడుగుతారు. అక్కర్లేదు. రెండు వంటలూ వద్దు. కూర మగ్గాక సగం ఉప్పూ కారం వేసి, పథ్యంవాళ్ళ వాటా ముందే తీసేయండి. మిగిలిన కూరలో మిగతా ఉప్పూ కారం వేసి ఇంకో అయిదు నిమిషాలు మగ్గనివ్వండి. ఒకే పొయ్యి, ఒకే మూకుడు.

రెండో సంగతి నమలడం. అన్నం ముద్ద ఇట్టే గొంతు దిగిపోతుంది. మెత్తగా ఉడికిన ఆనపకాయ కూడా అలాగే దిగిపోతుంది. అందుకే తిన్నట్టుండదు. ముక్కలు పెద్దవిగా తరగండి, పలుకు మిగిలేటట్టు దించండి. కూరకు చిక్కదనం నువ్వులు, వేరుశనగపప్పు, పచ్చికొబ్బరి ముద్దతో తెప్పించండి. గుత్తి వంకాయలో పెట్టే ముద్ద ఉంది చూడండి, అది బీరకాయకూ కాకరకాయకూ మీల్‌మేకరుకూ కూడా బాగా పడుతుంది. ఆ నూనెగింజలవల్లే మూడు నాలుగు గంటలు ఆకలి వెయ్యదు. అలాగని గిన్నెలతో నూనె తాగమనే పథ్యాలమీద నాకు నమ్మకం లేదు.

పనసపొట్టు కూర ఈ పద్ధతికి పెట్టి పుట్టింది. పొట్టును పసుపు, కాస్త చింతపండు రసం వేసి ఉడకబెట్టి, నీళ్ళు పిండేసి, శనగపప్పు, మినప్పప్పు, జీడిపప్పు, ఎండుమిరప, కరివేపాకుతో ఘనంగా తాలింపు పెట్టండి. పొయ్యిమీదనుంచి దించి చల్లారాకే ఆవపిండి కలపాలి సుమండీ, వేడిమీద కలిపితే చేదెక్కుతుంది. గోదావరి జిల్లాల పెళ్ళిళ్ళలో ఈ కూర తగిలితే అన్నం మరిచిపోయి తినేవాళ్ళుంటారు.

పులిహోర లేకుండా ఉండలేమనేవారికి కాలీఫ్లవరుంది. పువ్వును గోరువెచ్చని ఉప్పునీళ్ళలో కాసేపు ఉంచి, తీసి, గుడ్డమీద తడి లేకుండా ఆరబెట్టండి. తర్వాత తురుముపీటమీద రవ్వలాగా తురమండి. వెడల్పాటి మూకుడులో పెద్ద మంటమీద, మూత పెట్టకుండా, నీళ్ళు చిలకరించకుండా ఐదారు నిమిషాలు వేయించాలి. ఉప్పు ముందు వేశారో, నీరు ఊరి ముద్దైపోతుంది. దించబోయే ముందే వెయ్యాలి. ఆవాలు, ఇంగువ, పచ్చిమిరప, పసుపు, వేరుశనగపప్పు తాలింపులో ఇది కలిపి, దించాక నిమ్మకాయ పిండండి. అచ్చం పులిహోరలా ఉంటుందని అబద్ధం చెప్పను. పువ్వు వాసన కొంచెం తెలుస్తుంది. ఇంగువ రవ్వంత ఎక్కువ పడితే అదీ తెలియదు.

పొద్దుటిపూట పెసరట్టు చాలు. అట్టు కరకరలాడాలని గుప్పెడు బియ్యం పోసి నానబెడతాం కదా, అది మానెయ్యండి. కాస్త మెత్తనవుతుంది, అంతే. అట్టుమీద ఉల్లిపాయలతోపాటు సన్నగా తరిగిన తోటకూర గాని, గిలకొట్టిన గుడ్డు గాని వేసి తిరగేస్తే, రెండు అట్లు మధ్యాహ్నందాకా ఆగుతాయి. పప్పు వండేటప్పుడు పప్పు ఒక వంతు, దోసకాయో ఆకుకూరో మూడు వంతులు వేసి గిన్నెలో పోసి చెంచాతో తినమనండి. చారు గ్లాసులో ఇవ్వండి. ఆవకాయ మానలేమంటే అరచెంచాడు గడ్డపెరుగులో కలిపి, కీరా ముక్కలతో నంజుకోవచ్చు.

ఇక మనమాట. ఇంట్లో షుగరున్నది ఆయనకో అత్తగారికో అయితే మనం ఇంత శ్రమా పడతాం. మనకే ఉంటే? అందరికీ వడ్డించి, ఆఖరున కూర్చుని, కూర అయిపోయిందని గిన్నెలో మిగిలిన అన్నం పచ్చడితో కానిచ్చేస్తాం. పారెయ్యడానికి మనసొప్పదు. నేను చూసిన ఇళ్ళలో ఆడవాళ్ళ పథ్యం చెడేది ఎక్కువగా ఇక్కడే. మీ వాటా కూర ముందే ఓ గిన్నెలో తీసి మూతపెట్టుకోండి. ఎవరైనా ఏమైనా అనుకుంటారేమోనన్న సంకోచం వద్దు. మిగిలిన అన్నానికి మాత్రం రేపటినుంచి ఓ పిడికెడు బియ్యం తక్కువ పొయ్యండి.

ఖర్చు సంగతి దాచను. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చాక, జొన్నసంకటి తినే మెట్ట ఊళ్ళలో కూడా తెల్లన్నం పూటపూటా దొరికింది. ఎన్నో కడుపులు నింపింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకిష్టం లేదు. కడుపు నింపడంలో బియ్యమంత చవకైనది మరోటి లేదు. కూరగాయలతో నింపాలంటే సంత ఖర్చు పెరుగుతుంది. ఏ కాయ ఎప్పుడు విరివిగా వస్తే అది ఎక్కువ తెచ్చుకోవడం, పెరట్లో మునగచెట్టు, తోటకూర మడి పెట్టుకోవడం, గుడ్లు వాడటం, ఇవే దారులు. రెండుపూటలా కుదరకపోతే రాత్రిపూట ఒక్కటే మొదలుపెట్టండి.

ఒక హెచ్చరిక. ఇది చాలా ముఖ్యం. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి బిళ్ళలు మింగేవాళ్ళు డాక్టరుకు చెప్పకుండా హఠాత్తుగా అన్నం మానకూడదు. మందు పాత మోతాదులోనే పడి, తిండి తగ్గితే చక్కెర మరీ పడిపోతుంది. చెమటలు, వణుకు, ఉన్నట్టుండి ఆకలి, మాట తడబాటు కనిపిస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మందులు వాడేవాళ్ళు పిండిపదార్థం బాగా తగ్గిస్తే రక్తం ఆమ్లమయ్యే ప్రమాదం ఉంది, వాళ్ళూ ముందే అడగాలి. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొంతంగా ఈ ప్రయోగాలు చెయ్యొద్దు. ఎదిగే పిల్లల అన్నం జోలికి అసలే పోవద్దు.

చివరగా పెరుగన్నం. మా అత్తగారు అన్నం మానిన కొత్తలో కూరలన్నీ మెచ్చుకుంటూ తిని, చెయ్యి కడుక్కునేవారు కారు. "కడుపైతే నిండిందమ్మాయ్, భోజనమే అవలేదు" అనేవారు. పెరుగు గిన్నెతో ఇస్తే తాగి ఊరుకునేవారు గాని ఆ వెలితి తీరలేదు. ఆఖరుకు పనిచేసింది ఆనపకాయ. లేతకాయ చెక్కు తీసి, గింజలు తీసేసి, సన్నగా తురిమి, పది నిమిషాలు ఆవిరిమీద ఉడికించి, చల్లారాక గట్టిగా పిండండి. ఆ నీళ్ళు చారులోకి పనికొస్తాయి. తురుములో కమ్మటి గడ్డపెరుగు, కాస్త ఉప్పు వేసి చేత్తో మెదిపి కలపండి. ఆవాలు, అల్లం, పచ్చిమిరప, కరివేపాకు, ఇంగువ తాలింపు. అచ్చు దద్దోజనం మాదిరిగా చేత్తో కలుపుకుని తినడానికి వీలుగా, మరీ పలచన కాకుండా ఉండాలి. తాలింపు మటుకు నేతితోనే పెట్టండి.