కమ్యుటేషన్ పట్టికా - అయోడిన్ పరమాణువూ
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



క్వాంటం ఫిజిక్స్ గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు కార్యదర్శి గారు. కాలేజీలో ఏడాది పొడుగునా చెప్పినా తెమలని పాఠం అది. అందుకని అందులో సంభావ్యత సంగతి ఒక్కటే చెబుతాను.

మనం పెన్షన్ కమ్యూట్ చేసుకున్నప్పుడు పట్టికలో మన వయసుకు ఎదురుగా ఒక అంకె ఉంది గదా! ఎవరు ఎన్నాళ్లు బతుకుతారో ఆ పట్టిక వేసినవారికి తెలియదు. వేలమంది లెక్క తీస్తే సగటు తెలుస్తుంది, అంతే. అయినా మనిషి పోవడానికి గుండె, షుగరు, లారీ... ఏదో ఒక కారణం ఉంటుంది. అది ముందుగా మనకు తెలియదు కనుకనే ఆ లెక్క అవసరమైంది.

పరమాణువు దగ్గర కథ వేరు. మా ఆవిడకు థైరాయిడ్ జబ్బు చేసినప్పుడు అయోడిన్-131 మందు ఇచ్చారు. దాని అర్ధజీవిత కాలం సుమారు 8 రోజులు. అంటే ఎనిమిది రోజుల్లో సగం పరమాణువులు విఘటనం చెంది జినాన్‌గా మారిపోతాయి. మరో ఎనిమిది రోజులకు మిగిలినవాటిలో సగం. కొన్నాళ్లు మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దన్నారు డాక్టరు గారు. ఈ లెక్కా, ఒంట్లోంచి మందు బయటికి పోయే లెక్కా కలిపి చెప్పిన మాట అది. "ఇంకా ఎన్నాళ్లండీ?" అని ఆవిడ రోజూ అడిగేది. కోట్లకు కోట్ల పరమాణువుల లెక్క గనుక ధైర్యంగా చెప్పగలిగాను. ఫలానా పరమాణువు ఎప్పుడు పోతుందని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేరు. పైగా దానికి ముసలితనం లేదు. నెల్లాళ్లు నిలిచినదానికీ, ఇవాళ పుట్టినదానికీ రేపు పోయే అవకాశం సమానమే. మన పట్టికలో ఆ సౌకర్యం లేదు!

ష్రోడింగర్ సమీకరణం ఇచ్చేది సంభావ్యతనే అని 1926లో మాక్స్ బోర్న్ చెప్పారు. 1954లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఐన్‌స్టీన్‌కు ఇది మింగుడుపడలేదు. దేవుడు పాచికలాడడన్న ఆయన మాట మీరూ వినే ఉంటారు. కారణం లోపలెక్కడో ఉంది, మనకే తెలియడం లేదని ఆయన ఉద్దేశం. అంటే మన పెన్షన్ పట్టిక లాగానే అన్నమాట.

ఈ తగవు తీర్చే దారి 1964లో జాన్ బెల్ చూపించారు. జంటగా పుట్టిన రెండు కణాలను చెరో దిక్కుకు పంపి కొలవాలి. అవి పుట్టేటప్పుడే జవాబులు వెంట తెచ్చుకుని, దూరం నుంచి ఒకదాన్నొకటి తాకలేకపోతే, వాటి ఫలితాల పొంతనకు ఒక హద్దు ఉంటుంది. 1972లో క్లౌజర్, 1982లో ఆస్పె, తర్వాత జైలింగర్ కొలిచి చూశారు. హద్దు దాటింది! 2022 నోబెల్ ఈ ముగ్గురికే.

కారణాలను నిలబెట్టే సిద్ధాంతం ఒకటి డేవిడ్ బోమ్ 1952లోనే తయారుచేశారు. ఇప్పటికీ దాన్ని నమ్మేవారున్నారు. కాని అందులో ఎంత దూరాన జరిగినదైనా ఇక్కడి కణాన్ని ఆ క్షణంలోనే తాకుతుందని ఒప్పుకోవాలి. నాకైతే పాచికలే నయమనిపిస్తుంది.

ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి. సెలవు.